శాసనం రాత

“ఏమని రాశాడే తమ్ముడు? వస్తున్నాడా?”

చిన్నమ్మాయి లేసు అల్లిక ఒళ్ళో పెట్టుకుని అడిగింది. మనవరాలు దుర్గాశ్రీ కవరు చించి కాగితం విప్పింది.

“రాలేనంటున్నారు నాన్నమ్మా. మోకాళ్ళ నొప్పులంట.”

చిన్నమ్మాయి ముఖం చిన్నబోయింది. దీపావళి వెళ్ళిన రెండో రోజు భగినీ హస్త భోజనం. అక్క చేతి అన్నం తింటే తమ్ముడికి ఆయుష్షు. కాకినాడలో ఉండే త్రిమూర్తులు ఆ రోజుకి నరసాపురం రాకుండా ఏనాడూ ఉండలేదు.

“పోనీ, మనమే క్యారేజీ కట్టుకుని వెళ్దామా?”

“అంత దూరం బస్సులో నువ్వా! వచ్చే నెల వెళ్దాంలే.”

“శ్రావణం నుంచీ ఇదే మాట చెబుతున్నావు.”

దుర్గాశ్రీ తల దించుకుంది.

చిన్నమ్మాయి కాగితం అందుకుంది. త్రిమూర్తులుది మామూలు రాత కాదు. కుర్రతనంలో ద్రాక్షారామం గుడి శాసనాల ముందు రోజుల తరబడి కూర్చుని పట్టుకున్న రాత. బరువైన మెడలు, మెలితిరిగిన కొమ్ములు, ఎక్కడలేని రాజసం! ప్రెస్సులో శుభలేఖలు డిజైన్ చేసే దుర్గాశ్రీ రెండేళ్ళ కిందట ఆయన చేత అక్షరాలన్నీ రాయించుకుని ‘శాసనం’ అని ఫాంట్ తయారుచేసింది. ఇప్పుడు చుట్టుపక్కల శుభలేఖలన్నీ అందులోనే.

“ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ మా వాడే పెద్ద,” అని నవ్వింది చిన్నమ్మాయి.

లేసు అల్లే కళ్ళు కదా, ప్రతి మెలికనూ వేలితో తడిమి చూసింది. ఒకే అక్షరం ఎన్నిసార్లు వచ్చినా ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. తడుముతుంటేనే కళ్ళు మూతలు పడ్డాయి.

గోదావరి. రేవు దాటుతున్న పంటు. పక్కన పదేళ్ళ తమ్ముడు వంగి నీళ్ళ మీద వేలితో ఏదో రాస్తున్నాడు. రాసింది రాసినట్టే కరిగిపోతోంది. వాడు విసుగు లేకుండా మళ్ళీ రాస్తున్నాడు. అవతలి ఒడ్డు ఎంతకీ రావడంలేదు, రాకపోతేనే బాగుండుననిపించింది ఆమెకు.

“నాన్నమ్మా, జవాబేం రాయమంటావు?”

చిన్నమ్మాయి కళ్ళు తెరిచింది.

“ఆ రోజు విస్తరి వేసి ఉంచుతానని రాయి. వాడికిష్టమని కందా బచ్చలి కూర వండుతానని రాయి.”

“రాలేనన్నారుగా!” అంది దుర్గాశ్రీ.

“అయినా రాయి.”

దుర్గాశ్రీ పెన్ను తీసింది కానీ కాగితం కంటికి ఆనలేదు, కళ్ళు నిండిపోయాయి. చిన్నమ్మాయి మనవరాలి తల దగ్గరకు తీసుకుని మెల్లగా నిమిరింది.

“వచ్చే ఉత్తరంలో అక్షరాలు కాస్త వణికించమ్మా, పోయేముందు వాడికి చెయ్యి వణికేది.”