మొహం కనిపించని షాట్

"కట్! ఫ్రేములోకి తల పెట్టిందెవరు?"

రఘునందన్ కేకకి జూబ్లీ హిల్స్‌లోని ఆ అద్దె బంగళా అద్దాలు కూడా అదిరాయి. డైరెక్టరు కదా, మైకు లేకపోయినా మోగుతాడు.

మనోజ్ఞ ఉలిక్కిపడింది. ఆమె గుండెలకు కట్టుకున్న బేబీ క్యారియర్‌లో నెలన్నర కొడుకు ఉన్నాడు. తొలి కాన్పు. కడుపు కనబడగానే సీరియల్లో ఆమె వేసే చెల్లెలి పాత్ర చచ్చిపోయింది. ఈ క్యారియర్ యాడ్ ఒక్కటి కుదిరితే మళ్ళీ బతుకుతుందని ఆశ.

"బాబుకి క్యారియర్, నీకు కెరీర్!" అని పొద్దున్నే రఘునందన్ చమత్కరించాడు. యూనిట్ నవ్వింది. ఆయన యూనిట్‌లో నవ్వడం కూడా డ్యూటీయే.

ఫ్రేములోకి వచ్చినామెకు ముప్ఫై ఏళ్ళుంటాయి. నలిగిన చీర, రేగిన జుట్టు.

"అమ్మా, బిడ్డ మొకం జర పైకి తియ్యి. గట్ల లోపటికి పోతే గాలాడదు."

"మా యాడ్‌లోకి యాడికమ్మా వస్తున్నావ్?" అన్నాడు రఘునందన్. "ఛాన్స్ కావాలంటే ఫొటో ఇచ్చి పో."

"నాకు ఛాన్సేం వద్దు సారూ. బిడ్డ మొకం..."

"మొహం కనబడితేనే చిక్కు. రేపు ఈ బాబు ఏడిస్తే ఇంకో బాబుని పెట్టి లాగించాలి. మొహం మారితే కంటిన్యుటీ నువ్విస్తావా?"

మళ్ళీ నవ్వులు. ఫిల్మ్‌నగర్‌లో ఫ్రేము మీద ప్రేమ లేనిదెవరికి? లైటు పడ్డ చోటికి ఎవరు అడుగేసినా వేషం కోసమే అనుకుంటారు అక్కడ.

మనోజ్ఞ మాత్రం కిందికి చూసుకుంది. బాబు నెత్తి తప్ప ఏమీ కనబడలేదు. తొలిసారి తల్లయినవాళ్ళకి సలహాలు చెప్పే యాడ్ అది. 'బిడ్డ మొహం ఎప్పుడూ కనిపించాలి, వంగితే ముద్దందాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు' అని ఆమె డైలాగుల్లోనూ ఉండింది. నిడివి ఎక్కువైందని రఘునందనే కొట్టేశాడు.

"సార్, కొంచెం పైకి జరపనా?"

"ఒక్క టేకమ్మా! అసలే వెలుగు పోతోంది. నీకు కష్టమైతే చెప్పు, వేరే అమ్మాయి రెడీగా ఉంది."

 మనోజ్ఞకి కోపం రావలసినచోట రాలేదు, తేలికైనచోటికి పోయింది.

"ముందు ఆవిడ్ని పంపించండి. బాబు వంక అలా చూస్తోందేంటి? దిష్టి తగిలేలా ఉంది."

ప్రొడక్షన్ మేనేజర్ వీరయ్య ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపి గేటు దాకా తీసుకుపోయాడు. ఆమె మొహంలోకి మాత్రం చూడలేదు.

"యాక్షన్!"

మనోజ్ఞ నవ్వింది. "అమ్మ గుండెకు దగ్గరగా ఉంటే బిడ్డకి అంతకన్నా భద్రమైన చోటు ఎక్కడుంది?"

బాబు కిక్కురుమనలేదు.

"బంగారుకొండ! ఎంత బుద్ధిగా పడుకున్నాడో!" అంది మేకప్ చేసే పుష్పవల్లి. "ఇంకొక్కటి!" అన్నాడు రఘునందన్.

ఆ ఇంకొక్కటి సగంలో ఉండగా గేటు దగ్గర కేకలు. ఇందాక పంపేసినామె మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. లైటు స్టాండును నెట్టేసింది. తిన్నగా మనోజ్ఞ మీద పడి, క్యారియర్‌లో చెయ్యి పెట్టి బాబుని బయటికి లాగింది.

"పిల్లల దొంగ!" ఎవరో అరిచారు.

మనోజ్ఞ చాచి కొట్టింది. చెంప ఛెళ్ళుమంది. అయినా ఆమె బాబుని వదల్లేదు. మెడ నిటారుగా పట్టుకుని, పిచ్చిదానిలా వీపు రుద్దుతోంది.

"లే నాయినా... లే... ఊపిరి తియ్యి..."

ఇద్దరు బౌన్సర్లు బాబుని గుంజుకుని మనోజ్ఞ చేతుల్లో పెట్టారు. బాబుని లాగినామెని వెనక్కి ఈడ్చి మెట్ల మీదికి తోసేశారు. ఆమె ఎలా పడిందో ఎవరూ చూడలేదు.

ఎందుకంటే అందరూ బాబునే చూస్తున్నారు. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. అంతలో చిన్న దగ్గు. ఆ వెనక సన్నటి ఏడుపు.

బంజారా హిల్స్ ఆసుపత్రిలో డాక్టర్ క్యారియర్‌ని పైకెత్తి చూపిస్తూ అడిగింది.

"ఇందులోంచి బాబుని తీసిందెవరు?"

పుష్పవల్లి మనోజ్ఞ వైపు చూసింది.

"తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి ఆగింది. ఏడవలేదంటే నిద్రపోయాడనుకున్నారా? ఇంకాస్త ఆలస్యమైతే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు. తీసినవాళ్ళకి దండం పెట్టుకోండి."

రఘునందన్ ఆ క్యారియర్ వైపు చూడకుండా గోడ వైపు తిరిగాడు.

మనోజ్ఞ అరచెయ్యి ఇంకా మండుతోంది.

"వీరయ్య గారూ, ఆవిడ్ని ఎక్కడున్నా తీసుకురండి. కాళ్ళ మీద పడతాను."

వీరయ్య వెళ్ళి మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రికి ఒక్కడే వచ్చాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"రాదమ్మా. మెట్ల మీద తల పగిలింది. పొద్దుగాల పానం పోయింది."

మనోజ్ఞ బెంచీ మీద కూలబడింది. 

"ఎవరు ఆవిడ?"

"భూలక్ష్మి. బోరబండల ఉంటుండె. పసిపిల్లలతోని షూటింగ్ ఉన్నదంటే చాలు, గేటు కాడికి వస్తుండె. యాక్టింగ్ పిచ్చిది అని అందరికి నేనే చెప్పిన... నౌకరీ పోతదని."

"మీకు ముందే తెలుసా?"

వీరయ్య పక్కనే ఉన్న రఘునందన్ వైపు చూడకుండా తలొంచుకున్నాడు.

"పోయినేడు గీ క్యారియర్‌కే సారు మొదటి యాడ్ తీసిండు. షాటంతా సప్పుడు చెయ్యకుండ పండుకున్నదని మేమందరం చప్పట్లు కొట్టి సాగనంపితే, ఇంటికి పోయినంక మల్ల లేవని చిన్నిపాప... ఆమె బిడ్డనే అమ్మా."