కళ్లజోడుకు తెలియని మొక్క

కర్నూలు సంతలో ముద్దొచ్చిందని హిమజ కొనేసిన మొక్కకు ఆకుల్లేవు, నాలుగు పలకల పచ్చటి కాడలే. చూసిన ప్రతిదాని పేరూ చెప్పే ఆమె కళ్లజోడు, దాన్ని చూసి మాత్రం "తెలియదు" అంది.

"పేరు లేని మొక్కను సాయంత్రానికల్లా తీసేయాలి. అపార్ట్‌మెంట్ నియమం" అని ఇంట్లోని మాట్లాడే గోడ గుర్తుచేసింది.

"పోనీలే, పారేద్దాం. ఒక్క మొక్కే గదా!" అన్నాడు భర్త ఫణి.

హిమజకు మనసొప్పలేదు. కుండీని చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. అందరి కళ్లజోళ్లూ అదే మాట చెప్పాయి.

చివరికి, కళ్లజోడు అలవాటే లేని ఓబులమ్మ తలుపు తీసింది. కదిరి కొండల్లో గొర్రెలు మేపుతూ పెరిగిన మనిషి.

"ఇవి కుందేటి కొమ్ములు గదమ్మా! కొండమింద పెరుక్కోని తినేవాళ్లం" అంటూ ఒక కాడ తుంచి, పీచు తీసి నమిలింది. ఆమె కళ్లు చెమర్చాయి. "అదే వగరు!"

హిమజ కూడా కొరికి, మొహం చిట్లించి, పకపకా నవ్వింది. ఇంటికెళ్లి గోడకు పేరు చెప్పింది.

"ఆధారం?" అడిగింది గోడ.

"ఓబులమ్మవ్వ తినింది. నేనూ తిన్నా."

గోడ నెమ్మదిగా అడిగింది:

"వగరంటే ఎలా ఉంటుంది?"