ఉప్పు లేని తుపాకిమందు

ఓర్లీనాకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: మొగుడు థర్మన్ తుపాకీ అతని ముఖం మీదే పేలిపోతుందని.

పాతది అది. మూతిలోంచి మందు పోసి, గుండు కూరి కాల్చేది. చిటికెనవేలు కూడా దూరని సన్నగొట్టం. ఉడతలు కొట్టడానికి థర్మన్ తండ్రి చేయించుకున్నది.

శనివారం వాగు ఒడ్డున తుపాకీ గురి పందెం; కోసిన ఎద్దు మాంసమే బహుమతి. అందరికంటే గురికి దగ్గరగా కొట్టినవాడికి వెనక తొడ. అది వస్తే చలికాలమంతా ఇంట్లో మాంసం ఉంటుంది.

సన్నగొట్టానికి సన్నమందే కావాలి. ఇంట్లో ఉన్నది ముతక. అందుకే థర్మన్, బండి మీద తిరిగి సరుకులమ్మేవాడికి నక్కతోలు ఇచ్చి కొత్తమందు తెచ్చుకున్నాడు. నల్లగా, గసగసాల్లా, నిగనిగలాడుతూ డబ్బా నిండా.

శుక్రవారం పొద్దున ఓర్లీనా బిడ్డని చంకనేసుకుని గిన్నెలు కడుగుతోంది.

ముందు కంపు వచ్చింది. తర్వాత మనిషి కనిపించాడు.

ముసలాడు. గడ్డం నిండా పొగాకు జొల్లు. చొక్కా ముందంతా ఎండి అట్టకట్టిన మరక. పందుల దొడ్లో పొర్లి వచ్చాడనుకుంది.

"అమ్మాయ్, మీ ఇంట్లో ఉడతల తుపాకీ ఉంది కదూ?"

"ఉంటే నీకెందుకు?"

"ఏ మందు పోస్తున్నారు?"

"మా ఆయన గుండ్లకి సీసం తేవడానికెళ్ళాడు. వచ్చాక అడుగు."

"తుపాకీ పట్టుకెళ్ళాడా?"

"లేదు."

ముసలాడు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరీ కంపే.

"మందు చూపించు తల్లీ. చూసి పోతాను."

చూస్తే పోతాడు కదా అని డబ్బా తెచ్చి మెట్టు మీద పెట్టింది.

అతను వేలు నోట్లో పెట్టి తడిచేసుకున్నాడు. ఆ ఎంగిలి వేలే డబ్బాలో ముంచాడు. మళ్ళీ నోట్లో పెట్టి చప్పరించాడు.

ఓర్లీనా బిడ్డని అవతలి చంకకి మార్చుకుంది.

"ఛీ, అదేం పనయ్యా?"

ముసలాడు అక్కడే, మెట్టు మీదే ఉమ్మాడు.

"ఉప్పు తగల్లేదు. మన పాత మందులో సురేకారం ఉంటుంది, నాలుకకి ఉప్పగా తగలాలి. ఇది తియ్యగా ఉంది."

"ఎంగిలి చేసింది చాలక రుచులు కూడానా?"

"మీ ఆయన సన్నదా ముతకా అని చూసుకున్నాడు గానీ, ఏ మందో చూసుకోలేదు. ఇది కొత్త తుపాకుల తూటాల్లో పోసేది. మీ గొట్టం దీన్ని తట్టుకోలేదు, పగిలిపోతుంది."

ఆమె నమ్మలేదు. ఆ నోట్లోంచి వచ్చిన మాట లోపలికి తీసుకోవడమే అసహ్యంగా ఉంది.

ముసలాడు మసి వేలితో బిడ్డ బుగ్గ ముట్టుకున్నాడు. "వీడికి నాన్న కావాలిగా" అన్నాడు.

ఆమె చెయ్యి విదిలించి కొట్టేలోపే డబ్బా ఎత్తి పందుల కుడితి తొట్టిలో బోర్లించేశాడు.

ఓర్లీనా గిన్నెలు కడిగిన నీళ్ళు అతని నెత్తిన గుమ్మరించింది. నవంబరు చలి. జిడ్డునీళ్ళు తల మీంచి బూట్లలోకి కారాయి.

ముసలాడు కోటు లోపలినుంచి, మందు పోసి దాచుకునే చిన్న కొమ్ము తీసి మెట్టు మీద పెట్టాడు.

"ఇందులోది సన్నదే. అసలుది. మీ ఆయన్ని నాకి చూసుకోమను."

"నీ ఎంగిలి మా ఆయన నాకాలా? పో అవతలికి."

అతను తడిబట్టలతోనే కొండదారి ఎక్కాడు.

ఆమె మెట్టుని రెండుసార్లు వేణ్ణీళ్ళతో రుద్దింది. బిడ్డ బుగ్గని ఎర్రబడేదాకా తోమింది. కొమ్ముని పట్టకారుతో ఎత్తి కంచె గుంజకి తగిలించింది.

మధ్యాహ్నం వచ్చి థర్మన్ గుడ్లురిమాడు.

"డబ్బా మొత్తం పారబోస్తుంటే చూస్తూ నిలబడ్డావా?"

"నిలబడలేదు. తడిపి పంపా."

"అదొక్కటీ మంచి పని చేశావ్."

వేరే సన్నమందు లేదు. మర్నాడు కొమ్ములోదే పట్టుకెళ్ళాడు.

పందెంలో నాలుగోవాడిగా కాల్చింది లియాండర్. వాగు కింది పొలం వాడు. అతని దగ్గరున్నది కూడా ఆ బండివాడి మందే. మీట నొక్కగానే గొట్టం మొదలు చీలిపోయింది. రెండు వేళ్ళు గడ్డిలో పడ్డాయి. ఒక కన్ను పోయింది.

పందెం ఆగిపోయింది. థర్మన్ ఇంటికొచ్చి తిండి ముట్టలేదు. తన చేతులవైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఆ ముసలాడు లియాండర్ వాళ్ళింటికీ వెళ్ళాడట. వాళ్ళు కుక్కల్ని వదిలారట" అన్నాడు చివరికి.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఓర్లీనా ఆ కొమ్ముని వెర్డీ పెద్దమ్మకి చూపించింది. ఆ కొండల్లో పెద్దమ్మకి తెలియని గడప లేదు. ఆమె కొమ్ము తిప్పి, అడుగున చెక్కిన రెండు అక్షరాల మీద వేలు పెట్టింది.

"మీ తుపాకీ గొట్టం కింద కూడా ఇవే ఉంటాయి. ఏసా గార్లండ్. చేసింది ఆయనే. అవతలి కొండ మీద ఒక్కడే ఉంటున్నాడు."

"ఒక్కడేనా?"

"బుధవారం దాకా కొడుకు ఉన్నాడు. బండివాడి మందు పోసి, తండ్రి చేసిన తుపాకీనే కాల్చాడు. వాణ్ణి పూడ్చిన పొద్దుననుంచీ ఆయన తన తుపాకులున్న ఇల్లిల్లూ తిరుగుతున్నాడట."

ఆ రాత్రినుంచే మంచు. థర్మన్ ఆయన్ని చూడ్డానికి రెండుసార్లు బయల్దేరి, కనుమ మూసుకుపోయి, సగం దారిలోంచే వెనక్కొచ్చాడు. ఎనిమిది రోజులైంది.

అవతలి వైపునుంచి ఆ కొండెక్కగలిగేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఏసా గార్లండ్ ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో కాస్త చూసి రండి; ఓర్లీనా జిడ్డునీళ్ళు పోసిన ఆ చొక్కా మీద ఉన్నది పందుల బురద కాదు, ఆయన ఒళ్ళో ప్రాణం విడిచిన కొడుకు నెత్తురు.