ఊపిరి పోసినవాళ్ళు

ఆ వరుసలో తొమ్మిదో మనిషి తానేనని టైలరమ్మ చూడగానే పోల్చుకుంది.

గోరంత మొహం. అయినా కళ్ళజోడుకు కట్టిన దారం, చంకలో గొడుగు, మోకాలి నొప్పికి ఓ పక్కకు ఒరిగిన నడుము, ఏదీ తప్పిపోలేదు. చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్ది, గ్యాలరీ గోడకు తగిలించిన బొమ్మ అది. ముప్పయ్యేళ్ళు కత్తెర పట్టిన చెయ్యి ఆమెది. ఆ గీతలు తెగిన తీరు చూసి ఇంకాస్త దగ్గరికి వంగింది.

“చెల్లీ, ఇటు రా. నన్నెవరో చెక్కారే!”

బొమ్మ పైభాగంలో ఫైనాన్స్ కంపెనీ యజమాని పెద్ద బుడగై, మేడను మించి ఉబ్బి ఉన్నాడు. మెడలో దండలు, పందికళ్ళు, ఓ ఇకిలింపు. కింద జనం తలో గొట్టం నోట పెట్టుకుని వాడిలోకి ఊపిరి ఊదుతున్నారు. ఆ పక్కనే, మూసిన షట్టర్ ముందు, అదే జనం బక్కచిక్కి వరుస కట్టారు.

చెల్లెలు పకపకా నవ్వింది. “వెధవని ఉతికి ఆరేశాడక్కా!”

టైలరమ్మ నవ్వలేదు. కుట్టుకూలి మొత్తం ఆ కంపెనీలో పోసి పోగొట్టుకుని ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ ఇంట్లో ఆమె పేరు ‘ఆశపోతు’. కన్నకొడుకూ ఆ మాటే అన్నాడు. పదకొండు రోజులు ఆ షట్టర్ ముందు నిలబడితే పోలీసులు నెట్టారు, పేపరువాళ్ళు దూరంనుంచి ఓ ఫొటో తీసుకుని పోయారు. ఇక్కడ మాత్రం అరవైమందిలో ఒక మొహం ఇంకొకదానిలా లేదు.

“ఈ బొమ్మ చేసినవాడూ మనతోపాటు మునిగినవాడే అయ్యుంటాడు,” అంది చెల్లెలు.

“పైనుంచి చూసినట్టుందే. ఎదురుమేడలో అద్దెకున్నాయనేమో.”

టైలరమ్మ ఉండబట్టలేక, గ్యాలరీ చూసుకునే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. “అమ్మాయ్, ఈ బొమ్మ చేసినాయన ఎప్పుడొస్తారు? ఆ చేతులు ఒక్కసారి పట్టుకోవాలి. మమ్మల్ని మనుషుల్లా చూసింది ఆయనొక్కరే.”

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. “రాలేరండీ. జైల్లో ఉన్నారు. ఈ పని అక్కడే నేర్చుకున్నారు.”

“జైల్లోనా! అంతేలే, పెద్దవాళ్ళని ఇలా చెక్కితే ఊరుకుంటారా? ఆ కంపెనీవాళ్ళే పెట్టించారా కేసు?”

“కాదండీ, ఆ కంపెనీ ఆయనదే.”