ఈతాకు చీలిన చప్పుడు

వాగు పక్క ఈతవనంలో పక్షులన్నిటికీ గూళ్లు కట్టించే శాఖ ఒకటి వెలిసింది. దానికి మంత్రి కోయిల. గొంతు బాగుందని అందరూ ఆయన్నే ఎన్నుకున్నారు. ఆయన వంశంలో ఎవరూ గూడు కట్టిన పాపాన పోలేదని ఒక్కరికీ గుర్తు రాలేదు. కాంట్రాక్టు కాకులకు దక్కింది.

తొలకరికి ముందే, వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు ఎండుగడ్డి గూళ్లు బారులు తీరాయి. కష్టం తప్పిందని కుర్ర గిజిగాళ్లు మురిసిపోయారు.

ముసలి గిజిగమ్మ మనసు మాత్రం వెనక్కి పోయింది. ఆమె పడుచుతనంలో మగవాడు గూడు సగం అల్లి, రెక్కలు కొట్టుకుంటూ పిలిచేవాడు. ఆడది లోపలికెళ్లి ముక్కుతో పోచ లాగి చూసేది. ఊడొచ్చిందా, మారుమాట లేకుండా ఎగిరిపోయేది. తన పెనిమిటి చేత ఎన్ని గూళ్లు పీకించిందో! పాపం, విసుక్కోకుండా మళ్లీ పచ్చి ఈతాకు చీల్చుకొచ్చేవాడు. శాఖ వచ్చాక ఆ ఆకు చీలే చప్పుడే వినబడలేదు.

పాత అలవాటు ఊరుకోనిస్తుందా? మనవరాలికి ఇచ్చిన గూట్లో దూరి పోచ లాగింది. ఆమె ఇలా బయటికొచ్చిందో లేదో, గూడంతా జారి వాగులో పడింది.

"అయ్యో అవ్వా! మేం తనిఖీ చేసిన గూడది!" అన్నాడు కోయిల.

"చేసే ఉంటావు నాయనా. గుడ్లు పెట్టేది నా మనవరాలు కదా!"

మనవరాలు పక్క కొమ్మ మీది కుర్రవాడి వంక చూసింది. వాడు తలొంచుకుని ఈతచెట్టు మీదికి ఎగిరాడు. కాసేపటికి పచ్చి ఆకు సర్రున చీలింది.

తన పెనిమిటే వచ్చాడనుకుని, గిజిగమ్మ ఒక్క క్షణం ఈకలు సవరించుకుంది.