సర్కుత్ మూట

బల్ల మీది బౌర్సాక్ రొట్టెలను తల్లి తన చేతిరుమాల్లోకి ఎత్తుకుంటుంటే బెయ్‌బిత్‌కు తల తీసేసినట్టయింది.

"అమ్మా, ఏంటిది? పెట్టెయ్" అన్నాడు పళ్ల బిగువున.

"సర్కుత్ రా, పిల్లలకి" అంది రబిగా, నాలుగు గుర్రపు మాంసం ముక్కలు కూడా వాటి మీద సర్దుతూ. "విందుకొచ్చి ఉత్తచేతులతో పోతే పెట్టినావిడకి చిన్నతనం కాదూ?"

విందు బల్ల మీంచి ఇంటికి ఇంత మూట కట్టుకెళ్లే ఆ సర్కుత్ ఆచారం వాళ్ల ఊళ్లో. ఇది అల్మాతీ నగరంలో డబ్బున్నవాళ్ల కొండవాలు పేట. ఎదురిల్లు అమ్మకానికుంటే చూడ్డానికొచ్చారు. కొత్తగా చేరబోయేవాళ్లు కదా అని ఈ ఇంటావిడ షోల్పాన్ లోపలికి పిలిచి బల్ల నిండా వడ్డించింది. అమ్మకానికున్న ఇల్లు బెయ్‌బిత్‌కు తెగ నచ్చేసింది. కానీ అతను కడగొట్టు కొడుకు, వాళ్ల ఆనవాయితీ ప్రకారం అతనెక్కడుంటే తల్లీ అక్కడే. ఆవిడ ఊ అంటేనే బేరం. "గోడలు నువ్వు చూసుకో, మనుషుల్ని నేను చూస్తా" అని ఆవిడ ముందే చెప్పింది.

బల్లకు అవతల కూర్చున్న పక్కింటి జనార్, టీ తాగడం మానేసి ఆ రుమాలు వంకే చూస్తోంది. మెడలో ముత్యాలు, వేలికో ఉంగరం. ఆ చూపుకి బెయ్‌బిత్ చెవులు కాలిపోయాయి. రేపట్నుంచి వీధి వీధంతా తమ గురించి ఏమని నవ్వుకుంటుందో అప్పుడే వినబడుతోంది.

చటుక్కున రుమాలు లాక్కుని, ఉన్నదంతా పళ్లెంలో కుమ్మరించేశాడు.

"ఏమనుకోకండి. పల్లెటూరి మనిషి, ఇక్కడి పద్ధతులు తెలీవు."

ఎవరూ నవ్వలేదు. షోల్పాన్ తల వంచుకుని నిండిన కప్పుల్లోనే మళ్లీ టీ పోసింది. రబిగా రుమాలు మడిచి కోటు జేబులో పెట్టుకుని లేచింది. తనెంత పాడుపని చేశాడో బెయ్‌బిత్‌కు అప్పుడు తెలిసింది. తల్లి వెనకాలే వీధిలోకొచ్చాడు.

"పెద్దమ్మా, ఆగండాగండి!"

జనార్. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మంచులో పరిగెత్తుకొస్తోంది.

"ఒక్క బౌర్సాక్ అయినా మిగిలిందా మీ దగ్గర?"

"నీకెందుకమ్మా?"

"మా అత్తయ్య మంచాన పడుంది. నేనెక్కడికెళ్లొచ్చినా, సర్కుత్ ఏదే అని చెయ్యి చాపుతుంది. ఇక్కడెవరూ కట్టుకోరు, నాకేమో సిగ్గు. ఇవాళ మీరు కడుతుంటే, మీ వెనకాలే నేనూ కట్టేద్దామని కాచుకుని కూర్చున్నా. ఈలోగా మీ అబ్బాయి..."

బెయ్‌బిత్ కళ్లెత్తలేకపోయాడు. రబిగా కోటు జేబంతా తడిమి రెండు చాక్లెట్లు తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఆ బల్ల మీదవే. వీడు చూడకముందు వేసుకున్నా. మీ అత్తకివ్వు."

జనార్ వాటిని గుప్పిట్లో దాచుకుని వెళ్లిపోయింది.

"మనకీ పేట వద్దమ్మా" అన్నాడు బెయ్‌బిత్. "ఇంకోచోట చూద్దాం."

"ఎందుకురా? కొనుక్కో. అందరూ అచ్చం నీలాంటివాళ్లే ఉన్నారిక్కడ. నన్ను మాత్రం ఊరి బస్సెక్కించెయ్."