సిలువకు ఎర్ర ప్రైమర్

డబ్బా మూత స్క్రూడ్రైవర్‌కు లొంగలేదు. ప్రకాశం సుత్తితో నాలుగు దెబ్బలు వేసి ఊడదీశాడు. లోపల ఇనుముకు వేసే ఎర్ర ప్రైమర్ అట్ట కట్టి ఉంది.

"కొత్త డబ్బా తీస్కపోరాదన్నా," అన్నాడు అఖిల్. రాందాస్ చౌరస్తాలో పెయింట్ల దుకాణం అతనిది.

"ఏడాదికి ఒక్క సిలువకే గదా తమ్మీ. కొత్తది కొన్నా మల్ల గిట్లనే గట్టివడ్తది."

అఖిల్ పుల్లతో గుచ్చి చూశాడు. అట్ట కింద ఇంకా మెత్తగానే ఉంది.

"పనికొస్తదన్నా. మీదున్న అట్ట కోసి పారెయ్యి. జర జర టర్పెంటైన్ పోస్కుంట కలుపు. వేరే థిన్నర్ పోస్తే పలుకులు పలుకులైతది." సీసా చేతికిస్తూ అడిగాడు. "ఎవలిదన్నా సమాధి?"

"మావోళ్లదే."

అబద్ధమాడినట్టు అనిపించలేదు. అసలేమీ అనిపించలేదు. ఆ సిలువ సంగతి వస్తే ప్రకాశం మనసు మొద్దుబారిపోతుంది.

రేపే ఈస్టర్. తెల్లవారకముందే సంఘమంతా సమాధుల తోటలో ప్రార్థనకు చేరుతుంది. చోటు చాలడం లేదని కమిటీ ఈసారి గట్టిగా తీర్మానించింది. పేరు కనబడని సమాధిని సోమవారం తవ్వి ఇంకొకరికి ఇచ్చేస్తారట. నిరుటి వానలకు ఈ సిలువ తుప్పుపట్టి, పేరు పెచ్చులుగా రాలిపోయింది. సాయంత్రంలోగా రాయకపోతే అంతే సంగతులు.

ఇంటిముందు కూర్చుని కలిపాడు. కొంచెం పోయడం, తిప్పడం, మళ్లీ పోయడం. ముద్ద మెల్లగా కరిగింది. ఓపిక పడితే ప్రైమర్ మాట వింటుంది, కమిటీల కన్నా నయం.

వడగట్టడానికి భార్య ఎలిశిబా పాత చున్నీ తెచ్చింది. తెచ్చింది గానీ చేతిలోంచి వదల్లేదు.

"ఇగ చాలు. తవ్వుకుంటే తవ్వుకోనియ్యి. ఆ పేరు సూస్తే నా పానం ఆగమైతది."

"మనం గాకుంటే ఇంకెవరున్నరు?"

ఎలిశిబా చున్నీ వదిలేసింది.

కరోనా రెండో విడతలో పట్నం ఆస్పత్రి నుంచి మూట కట్టి, పేరు చీటీ అంటించి పంపారు. ముఖం చూడనివ్వలేదు. పాదిరిగారు గేటు దగ్గర్నుంచే వాక్యం చదివారు. ఊపిరాడక ఆస్పత్రి మంచం మీదే ఉన్న ప్రకాశం మట్టి వేయడానికి రాలేకపోయాడు. ఎలిశిబా పదకొండు రోజులు ఏడ్చింది. తర్వాత ఏడవలేదు.

సమాధుల తోటలో గరుకు కాగితంతో తుప్పు గీకి, ప్రైమర్ ఒక పూత వేశాడు. ఎండకు తొందరగానే ఆరింది. కమిటీ పెద్ద డేనియల్ వచ్చి నిలబడ్డాడు.

"ఇంక రాస్తనే ఉంటవా ప్రకాశం?"

"రాయకుంటే మీరు ఉంచరు గద సార్."

"రూల్ అందరికీ ఒక్కటే. పేరుంటే ముట్టుకోం."

ఆ మూటలో వచ్చిందెవరో ఆస్పత్రివాళ్లు ఇప్పటికీ చెప్పలేదు కనుక, ప్రకాశం సన్న కుంచెను తెల్లరంగులో ముంచి, ఏటా రాసినట్టే ఆ సిలువ మీద తన పేరే రాశాడు.